మమ్మల్ని పూర్తిగా ఓడిపోనివ్వండి

చిన్న జట్టు పెద్ద జట్టుని మట్టి కరిపించిన కథలంటే ఎవరికి ఇష్టం ఉండదు! నాకూ ఇష్టమే. కానీ ఈ మధ్య నేను వెతుక్కుని మరీ చదువుతున్నవి ఓడిపోయిన చిన్న జట్ల సంగతులు. చదువుతుంటే జాలి వేయడం లేదు, కొంచెం కుళ్ళుగా ఉంటోంది. వాళ్ళకి కనీసం ఓడిపోయే అవకాశం దక్కింది. మాకు అదీ దక్కలేదు.

మాది బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్ళ ఫుట్‌బాల్ జట్టు. మారతహళ్ళి, బెళ్ళందూరు వైపు పీజీల్లో ఉన్న రోజుల్లో మొదలైంది. ఇప్పుడు సగం మందికి పెళ్ళిళ్ళయ్యాయి, ఇద్దరు ముగ్గురికి మోకాళ్ళు పోయాయి, అయినా శనివారం రాత్రి టర్ఫ్ (అద్దెకిచ్చే చిన్న గ్రౌండ్‌లో ఐదుగురేసి ఆడే ఆట) మాత్రం మానలేదు. నెల్లూరు, కడప, గుంటూరు, ఖమ్మం, అన్ని ఊళ్ళవాళ్ళమూ ఉన్నాం. ఆట పద్ధతిగా నేర్చుకున్నవాడు మాత్రం ఒక్కడే, డిఫెన్స్ మధ్యలో ఆడే మా సెంటర్ బ్యాక్. అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ గ్రౌండ్లలో ఆడి పెరిగాడు. మిగతా అందరం చిన్నప్పుడు క్రికెట్ ఆడి, పెద్దయ్యాక అర్ధరాత్రి దాకా టీవీలో ప్రీమియర్ లీగ్ చూసి ఇటు తిరిగినవాళ్ళం. సునీల్ ఛెత్రి సికింద్రాబాద్‌లో పుట్టాడు కాబట్టి అతను మనవాడేనని వాదించే బాపతు.

బెంగళూరు జిల్లా లీగులో పైనుంచి కిందికి సూపర్ డివిజన్, ఏ, బీ, సీ ఉంటాయి. వచ్చే సీజన్‌కి సీ డివిజన్‌లో పేరు ఇద్దామని మా ఆలోచన. దానికి ముందు అసలు మనం ఎక్కడున్నామో తేల్చుకుందామని ఒక ఏ డివిజన్ జట్టుని మ్యాచ్ అడిగాం. వాళ్ళ కోచ్‌కి మా సెంటర్ బ్యాక్ తెలుసు. ఆ మొహమాటం కొద్దీ ఒప్పుకున్నాడు. నా గొడవంతా ఆ మొహమాటం మీదే, దాని దగ్గరికి వస్తాను.

ముందు గ్రౌండ్ సంగతి. అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడే గ్రౌండ్ మామూలుగా 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉంటుంది. సర్జాపూర్ రోడ్డు వైపు మేం ఆడిన కాలేజీ గ్రౌండ్ అంతకంటే కాస్త చిన్నదే అయ్యుంటుంది, మాకు మాత్రం దేవనహళ్ళి రన్‌వే మీద నిలబెట్టినట్టుంది. మేం ఆడే టర్ఫ్‌లో చుట్టూ వల ఉంటుంది, బంతి వలకి తగిలి తిరిగొస్తే ఆట సాగుతూనే ఉంటుంది. ఇక్కడ గీత దాటితే త్రో. అదైనా పర్లేదు. ఐదుగురు ఆడే టర్ఫ్ ఆటలో ఆఫ్‌సైడ్ (పాస్ బయల్దేరేటప్పటికే డిఫెండర్ల వరస దాటి నిలబడ్డవాడు ఆ బంతి ఆడకూడదనే రూలు) ఉండదు, ఈ ఒక్కటీ మా డిఫెన్స్‌కి చేసిన చేటు అంతా ఇంతా కాదు. నలుగురు డిఫెండర్లు ఒకే వరసలో ముందుకీ వెనక్కీ కదలాలి. ఒక్కడు రెండడుగులు వెనకపడ్డా అవతలి ఫార్వర్డ్‌కి లైసెన్స్ ఇచ్చేసినట్టే. సెంటర్ బ్యాక్ "పైకి రండి, పైకి రండి" అని గొంతు చించుకుంటుంటే మా రైట్ బ్యాక్ ప్రతిసారీ బాగా ఆలోచించుకుని వచ్చేవాడు.

నేను లెఫ్ట్ బ్యాక్. నా ఎదురుగా వాళ్ళ రైట్ వింగర్, ఇరవై దాటని కుర్రాడు. వేగం, టెక్నిక్ అని టీవీలో చెప్తారే, నన్ను దెబ్బకొట్టింది అవి కావు. బంతి ఇంకా మిడ్‌ఫీల్డ్‌లో ఉండగానే అతను ఒకసారి భుజం మీదుగా తల తిప్పి నన్ను చూసేవాడు. పాస్ బయల్దేరే ముందు ఇంకోసారి. బంతి కాలికి తగిలే సరికి ఎటు పోవాలో తేల్చేసుకుని ఉండేవాడు. మేం టర్ఫ్ మీద బంతి ఆపి, తలెత్తి, ఎవరు ఖాళీగా ఉన్నారా అని చూసి, అప్పుడు ఇస్తాం. ఇక్కడ ఆపేలోపు ఎవడో ఒకడు మీదకి వచ్చేసేవాడు, తలెత్తేలోపు బంతి పోయేది. పైగా వాళ్ళ కీపర్ నోరు ఒక్క క్షణం ఆగదు. బంతి అందుకోబోయే ప్రతివాడికీ వెనకనుంచి "టైమ్" (తొందర లేదు), "మ్యాన్ ఆన్" (మీదకి మనిషొస్తున్నాడు), "టర్న్" (తిరుగు) అని కబురు అందుతూనే ఉంటుంది. మేమూ అరుస్తున్నాం, కాకపోతే అందరం ఒకేసారి. అందులో పనికొచ్చేది సెంటర్ బ్యాక్ అరుపు ఒక్కటే.

ఆ పనికొచ్చే అరుపే కొంప ముంచింది. "బావా, వాడిది కుడికాలే! లోపలికి తిప్పు, ఎడమకాల్తో ఏం పీకుతాడు?" అని నాకు తెలుగులో చెప్పాడు. బెంగళూరులో తెలుగులో రహస్యం! నేను బయటి దారి మూసి లోపలికి వదిలాను. కుర్రాడు తీరిగ్గా లోపలికొచ్చి ఎడమకాల్తోనే అవతలి పోస్టు పక్కనుంచి బంతిని లోపలికి పంపాడు. తిరిగి వెళ్తూ నా పక్కన ఒక్క క్షణం ఆగి, "ఎడమకాలు కూడా ఉందన్నా" అన్నాడు. వాళ్ళది హలసూరు, తాతల నాటి నుంచి ఇంట్లో తెలుగే. ఇల్లు గౌతంపుర పక్కనేనట. ఊరికి కొత్తవాళ్ళ కోసం చెప్తున్నా, వీధిలో పెలే విగ్రహం పెట్టుకున్న పేట అది. అక్కడి పిల్లలతో మేం టర్ఫ్ చదువుతో పోటీకి వెళ్ళాం.

అది మొదటి గోల్. దానికి ముందు ఇరవై నిమిషాల పైన 0-0గా నిలబడ్డాం. నన్ను ఇప్పటికీ కొరుక్కుతింటున్నది ఆ ఇరవై నిమిషాలే. అది మా గొప్పా, వాళ్ళ నిర్లక్ష్యమా? వాళ్ళు అసలు ఆడుతున్నారా, వార్మప్‌నే ఇంకాస్త సాగదీస్తున్నారా? ఫ్రెండ్లీ మ్యాచ్‌లో ఇది తేల్చుకునే దారి లేదు. గెలిస్తే వాళ్ళకి వచ్చేదేం లేదు, ఓడితే పోయేదీ లేదు. అలాంటివాడి మీద మనం ఇరవై నిమిషాలు నిలబడ్డామంటే ఎవడు నమ్మాలి? నేనే నమ్మలేకపోతున్నా.

హాఫ్ టైమ్‌కి 0-2. రెండో సగంలో కోచ్ తన అసలు జట్టులో చాలామందిని కూర్చోబెట్టి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల్ని దింపాడు. పిల్లలే నయం, ప్రాణం పెట్టి ఆడారు. వాళ్ళకి కోచ్ కళ్ళలో పడాలి కదా. మరో రెండు గోల్స్ వాళ్ళే కొట్టారు. 0-4. ఇంకా బోలెడు టైమ్ ఉండగా కోచ్ మా కెప్టెన్ దగ్గరికొచ్చి, ఎంతో మర్యాదగా, "మిక్స్ చేసుకుందామా? గేమ్ బాగుంటుంది" అన్నాడు. అంటే మావాళ్ళు ఐదుగురు అటు, వాళ్ళవాళ్ళు ఐదుగురు ఇటు. మా కెప్టెన్ కాదనలేకపోయాడు. గ్రౌండ్ వాళ్ళు బుక్ చేసిందే, బంతులు వాళ్ళవే, మంచినీళ్ళ క్యాన్ కూడా వాళ్ళే తెప్పించారు. ఏ మొహం పెట్టుకుని వద్దంటాడు? బిబ్స్ మార్చుకున్నాం.

ఆ కలగాపులగం ఆటలో మా నెల్లూరు స్ట్రైకర్ రెండు గోల్స్ కొట్టాడు. వాళ్ళ మిడ్‌ఫీల్డర్ పాసులు, మా కీపర్ మీద. ఆ వీడియో ఇంకా స్టేటస్‌లో పెట్టుకుంటున్నాడు.

అలా మా మ్యాచ్‌కి ఫలితం లేకుండా పోయింది. "ఎంతకి ఓడిపోయారు?" అని ఇంట్లో అడిగితే చెప్పడానికి ఒక అంకె లేదు.

వాట్సాప్ గ్రూపులో దీని మీద పెద్ద రచ్చే జరిగింది. స్ట్రైకర్ అనేదేంటంటే, "అన్నా, వాళ్ళు మన మంచి కోసమే చేశారు. ఎనిమిది తిని ఇంటికెళ్తే నీకు సంతోషమా?" సంతోషం ఎందుకుంటుంది? కానీ ఎనిమిది తింటే ఎనిమిదీ ఎలా తిన్నామో కూర్చుని చూసుకోవచ్చు. 0-4 అయ్యాక, కాళ్ళు లాగేస్తున్నప్పుడు, మా నలుగురు డిఫెండర్లం వరస నిలబెట్టుకునేవాళ్ళమా? ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడం మొదలుపెట్టేవాళ్ళమా? ఒక్క కార్నరైనా సంపాదించేవాళ్ళమా? జట్టు అనేది ఏంటో బయటపడేది అప్పుడే. వాళ్ళ దయ వల్ల మాకు ఆ భాగం చూసుకునే వీలే లేకపోయింది.

అందుకే నేననేది, చిన్న జట్టు పెద్ద జట్టుతో ఆడే మ్యాచ్ పెద్దవాడి మంచితనం మీద జరగకూడదు. చీటీ తీయాలి, రెఫరీ ఉండాలి, ఓడినవాడు టోర్నీ నుంచి ఇంటికి పోవాలి. "ఫ్రెండ్లీ అయినా కప్పయినా కొట్టేది వాళ్ళేగా" అంటారు మావాళ్ళు. కొట్టనివ్వండి. కానీ కప్పులో వాళ్ళు ఆడి తీరాలి, మధ్యలో మిక్స్ చేసుకుందామా అనడానికి లేదు.

1911 జూలై 29న కలకత్తాలో ఐఎఫ్‌ఏ షీల్డ్ టోర్నీ ఫైనల్లో ఆ ఊరి క్లబ్బు మోహన్ బగాన్ బ్రిటిష్ సైన్యం జట్టయిన ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో ఓడించింది. బగాన్ వాళ్ళలో ఒక్కరు తప్ప అందరూ బూట్లు లేకుండానే ఆడారు. ఆ బూట్ల సంగతే అందరూ చెప్పుకుంటారు. నాకు ముఖ్యంగా కనిపించేది వేరు. ఆ రోజు రెజిమెంట్ జట్టుకి తప్పించుకునే వీల్లేదు. టోర్నీలో దిగారు, ఫైనల్ దాకా వచ్చారు, ఎదురుగా ఎవరుంటే వాళ్ళతో ఆడాలి. అదే మోహన్ బగాన్ వాళ్ళు వెళ్ళి "సార్, ఒక ఫ్రెండ్లీ ఆడతారా" అని అడిగి, ఆ ఫ్రెండ్లీలో గెలిచి ఉంటే, మర్నాటికి ఎవరికి గుర్తుంటుంది? "మావాళ్ళు సీరియస్‌గా ఆడలేదులే" అని దులిపేసుకునేవాళ్ళు.

అంతదూరం ఎందుకు, మన బెంగళూరే ఉంది. బొంబాయిలో రోవర్స్ కప్ 1891లో మొదలైంది. దశాబ్దాల పాటు బ్రిటిష్ సైన్యం జట్లే దాన్ని ఎత్తుకుపోయాయి. ఆ కప్పు గెలిచిన మొదటి భారతీయ జట్టు బెంగళూరు ముస్లిమ్స్, 1937లో. మరుసటేడు మళ్ళీ గెలిచారు. తర్వాత 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు అదే కప్పు హైదరాబాద్ సిటీ పోలీస్ దగ్గరే ఉంది. ఆ జట్టుకి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, వృత్తిరీత్యా బడిపంతులు. తెలుగువాళ్ళకి ఫుట్‌బాల్ ఎందుకని మా మామయ్య అడుగుతుంటాడు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మనిషి అయ్యుండి!

కె.ఆర్.పురం వైపు వెళ్ళినప్పుడల్లా దూరవాణినగర్‌లో ఐటీఐ ఫ్యాక్టరీ పక్కనుంచి పోతుంటాం. టెలిఫోన్లు తయారుచేసిన ఫ్యాక్టరీ. మా జట్టులో ఆ దారిన రోజూ ఆఫీసుకి పోయేవాళ్ళున్నారు. వాళ్ళలో ఒక్కరికీ తెలియని సంగతి, 1977లో దేశంలోని క్లబ్బుల కోసం పెట్టిన మొట్టమొదటి ఫెడరేషన్ కప్ గెలిచింది ఆ ఫ్యాక్టరీ జట్టే. ఫైనల్లో 1-0తో ఓడించింది మోహన్ బగాన్‌ని. అదే ఏడాది పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్‌తో 2-2గా డ్రా చేసుకున్న మోహన్ బగాన్ అది, ఆషామాషీ జట్టు కాదు. చిట్టచివరి ఫెడరేషన్ కప్ 2017లో జరిగింది. అదీ బెంగళూరుకే వచ్చింది, బెంగళూరు ఎఫ్‌సీకి. ఓడిందీ మళ్ళీ మోహన్ బగానే. ఆ నలభై ఏళ్ళ మధ్యలో ఏం మారిందంటే, మొదటి దానిలో ఫ్యాక్టరీ పేరు మీద ఆడిన జట్టు గెలిచింది, చివరి దానిలో కార్పొరేట్ కంపెనీ పెట్టిన పక్కా ప్రొఫెషనల్ క్లబ్బు గెలిచింది. ఆటకి అది మంచిదే. బెంగళూరు ఎఫ్‌సీ 2016లో ఆసియా క్లబ్బుల పోటీ ఏఎఫ్‌సీ కప్‌లో ఫైనల్ దాకా వెళ్ళిందంటే ఆ పద్ధతి వల్లే. కానీ ఫ్యాక్టరీ జట్టు వచ్చిన దారిని కూడా మూసేయాలా?

ఫ్రాన్స్‌లో మూయలేదు. అక్కడి జాతీయ కప్పులో ఊరి జట్ల నుంచి పారిస్ దాకా అందరూ ఉంటారు. రెండు డివిజన్లో అంతకంటే ఎక్కువో తేడా ఉంటే చిన్న జట్టు గ్రౌండ్‌లోనే మ్యాచ్. అది దయ కాదు, రూలు. 2000లో కలే అనే రేవు పట్నం జట్టు, నాలుగో అంచెలో ఆడే అమెచ్యూర్లు, ఆ కప్పులో ఫైనల్ దాకా వెళ్ళింది. దారిలో స్ట్రాస్‌బోర్గ్, బోర్డో లాంటి మొదటి డివిజన్ జట్లని ఇంటికి పంపింది. ఫైనల్లో నాంత్ చేతిలో 1-2తో, అదీ ఆఖర్లో పెనాల్టీకి ఓడిపోయింది. నాంత్ కెప్టెన్ కలే కెప్టెన్‌ని పిలిచి ఇద్దరూ కలిసి కప్పు పైకెత్తారు. అలాంటి దయకి నేను అడ్డు చెప్పను. కానీ అది మొత్తం తొంభై నిమిషాలూ ఆడాక, గెలిచాక చూపించిన దయ.

డబ్బు సంగతి కూడా ఉంది. 2005 జనవరిలో ఇంగ్లండ్‌లో అప్పుల్లో మునిగి, ఐదో అంచెకి పడిపోయిన ఎక్సెటర్ సిటీకి, అన్ని అంచెల జట్లూ కలిసి ఆడే ఎఫ్‌ఏ కప్ చీటీలో మాంచెస్టర్ యునైటెడ్ వచ్చింది. ఓల్డ్ ట్రాఫర్డ్‌కి వెళ్ళి 0-0 చేసుకొచ్చారు. అప్పటి రూలు ప్రకారం ఎక్సెటర్‌లో మళ్ళీ మ్యాచ్. అందులో 0-2తో ఓడిపోయారు, కానీ ఆ రెండు మ్యాచ్‌ల గేటు డబ్బూ టీవీ డబ్బూ క్లబ్బుని బతికించింది. పెద్ద జట్టు చిన్న జట్టుకి చెక్కు రాసిస్తే దానం అంటారు. ఇదేమో సంపాదన.

ఆ రూలే ఇప్పుడు లేదు. 2024-25 నుంచి, క్వాలిఫయింగ్ దాటాక, డ్రా అయితే మళ్ళీ ఆడే పద్ధతి తీసేశారు. పెద్ద జట్లకి మ్యాచ్‌లు మరీ ఎక్కువైపోయాయట. 2025 జనవరిలో టామ్‌వర్త్ అనే ఐదో అంచె జట్టు తన సొంత గ్రౌండ్‌లో టాటెన్‌హామ్‌ని తొంభై నిమిషాలు 0-0గా నిలబెట్టింది. పార్ట్‌టైమ్ ఆటగాళ్ళు. కీపర్ జస్ సింగ్ భవనాల సర్వేయర్‌గా ఉద్యోగం చేసుకునే మనిషి. పాత రూలే ఉంటే లండన్‌లో ఇంకో మ్యాచ్, ఆ గేటు డబ్బులో వాటా. కొత్త రూలు ప్రకారం ఎక్స్‌ట్రా టైమ్ పెట్టారు, అప్పటికే కాళ్ళు అయిపోయినవాళ్ళ మీద మూడు గోల్స్ పడ్డాయి. 0-3. ఇంత అన్యాయం జరిగినా ఆ జట్టుని చూస్తే నాకు కుళ్ళే. తొంభై నిమిషాలు నిలబడ్డామని వాళ్ళు నమ్మొచ్చు. టాటెన్‌హామ్‌కి ఆ రోజు ఓడిపోతే పరువు పోతుంది, అయినా గోల్ కొట్టలేకపోయింది. మా ఇరవై నిమిషాలకి అలాంటి సాక్ష్యం ఏదీ లేదు.

దీనికి అడ్డంగా చెప్పే మాటల్లో నేను సీరియస్‌గా తీసుకునేది ఒకటుంది, గాయాలు. ఆట రానివాడి ట్యాకిల్ వచ్చినవాడి ట్యాకిల్ కంటే ప్రమాదం. మా రైట్ బ్యాక్ కాలు ఎప్పుడు ఎక్కడికి వస్తుందో వాడికే తెలియదు. ఏ డివిజన్ కుర్రాడికి ఆ మోకాలే భవిష్యత్తు. ఏదైనా సంస్థ జట్టులో స్పోర్ట్స్ కోటా ఉద్యోగమో, పై క్లబ్బు నుంచి పిలుపో రావాలంటే ఆ కాళ్ళు ఉండాలి. నిజమే. కానీ ఈ భయం ఫ్రెండ్లీలో ఇంకా ఎక్కువ. మా మ్యాచ్‌కి విజిల్ పట్టుకున్నది వాళ్ళ అసిస్టెంట్ కోచ్, మొహమాటానికి ఒక్క ఎల్లో కార్డు కూడా ఇవ్వలేదు. అసలు రెఫరీ అయితే మా రైట్ బ్యాక్ హాఫ్ టైమ్‌కి ముందే బయట కూర్చునేవాడు.

ఇరవై గోల్స్ పడితే పరువేంగాను అనే వాదన ఉంది, దాన్ని నేను పట్టించుకోను. కప్పులో సీ డివిజన్ జట్టు సూపర్ డివిజన్ దగ్గరికి చేరాలంటే ముందు బీ, ఏ జట్లని దాటాలి. దాటినవాడు ఇరవై తినడు.

అసలు ఇబ్బంది గ్రౌండ్. చిన్న జట్టు గ్రౌండ్‌లో ఆడాలంటే చిన్న జట్టుకి గ్రౌండ్ ఉండాలిగా! ఈ ఊళ్ళో ఐదుగురు ఆడే టర్ఫులు ప్రతి అపార్ట్‌మెంట్ వెనకా, మాల్ పైకప్పు మీదా కనిపిస్తాయి. పదకొండుగురు ఆడే గ్రౌండ్ కావాలంటే కాలేజీల చుట్టూ, మిలిటరీ వాళ్ళ చుట్టూ తిరగాలి. అశోక్‌నగర్ ఫుట్‌బాల్ స్టేడియం, ఆస్టిన్ టౌన్ గ్రౌండ్ లాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దీనికి నా దగ్గర గొప్ప ఉపాయమేం లేదు. చిన్న జట్టు ఏ గ్రౌండ్ కోరుకుంటే అక్కడ, ఆదివారం పొద్దున్నే, అద్దె చెరిసగం. అంతకుమించి తోచలేదు.

లీగు నిచ్చెన ఉందిగా, ఎక్కి రండి అంటారు. కాగితం మీద ఉంది. ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) 2014లో మొదలైంది. దాని కింది అంచె ఐ-లీగ్ గెలిచిన జట్టుకి పైకి పోయే దారి 2022-23 సీజన్‌తో తెరిచారు. పంజాబ్ ఎఫ్‌సీ, ఆ తర్వాత మొహమ్మడన్ స్పోర్టింగ్ అలా వెళ్ళినవే. మొదటి పదేళ్ళలో ఆట సరిగా ఆడలేదని కిందికి దిగిన జట్టు మాత్రం ఒక్కటీ లేదు. పైవాడు దిగకపోతే కిందివాడికి ఎంత చోటుంటుంది? పైగా నిచ్చెనకి ఏళ్ళు పడతాయి. మా జట్టులో సగటు వయసు చూస్తే, రోజూ సాధన చేసినా సూపర్ డివిజన్‌కి చేరేసరికి మా పిల్లలు ఆడాలి. కప్పుకైతే ఒక్క చీటీ చాలు. అన్ని డివిజన్ల జట్లూ ఆడే కప్పు ఒకటి ఈ ఊరికి కావాలి. మాలాంటి జట్లు మొదటి రౌండ్‌లోనే పోతాయి, పోనివ్వండి. వంద మంది ఓడిపోయే కప్పులోనే హలసూరు కుర్రాడి లాంటి ఆటగాడు పైవాళ్ళ కంట పడతాడు.

ఆ కప్పు వచ్చేదాకా మా ప్రయత్నం మేం చేస్తున్నాం. కెప్టెన్ ఆ కోచ్‌కి మెసేజ్ పెట్టాడు. మళ్ళీ ఒక మ్యాచ్, తొంభై నిమిషాలు, బయటి రెఫరీ, అసలు జట్టుతో, ఎంతైనా మిక్స్ చేసేది లేదు, గ్రౌండ్ అద్దె, రెఫరీ ఫీజు మావే అని. కోచ్ ఒక బొటనవేలు పెట్టి, సీజన్ అయ్యాక చూద్దామన్నాడు. హోసకోటె వైపు ఒక గ్రౌండ్ ఉందంటే రేపు ఆదివారం చూడటానికి వెళ్తున్నాం. రైట్ బ్యాక్‌కి ఆఫ్‌సైడ్ నేర్పే పని సెంటర్ బ్యాక్ నెత్తినేసుకున్నాడు. స్ట్రైకర్ మాత్రం 0-4 అయితే మిక్స్ చేస్తారో లేదో ఇంకోసారి కనుక్కోమని కెప్టెన్ ప్రాణం తీస్తున్నాడు.